పూటకో మాట, జన్మకో జట్టు

కలకత్తా ఫుట్‌బాల్ అభిమానిని గురించి బయటివారు రెండు మాటలు చెబుతూ ఉంటారు. అంతటి చంచలచిత్తుడు లోకంలో మరొకడు ఉండడని, నిన్న భుజాల మీద మోసినవాణ్ణే నేడు చెప్పు చూపించి తరుముతాడని ఒక మాట. అంతటి మొండివాడు లేడని, తాత ఏ జట్టువాడో మనవడూ ఆ జట్టువాడేనని, చచ్చినా మారడని మరొక మాట. రెండూ ఒకదానికొకటి పొసగవు. కానీ రెండూ నిజమే. ఈ రెండు గుణాలూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయన్నది 1997లో ఒక ఆదివారం లక్షపైచిలుకు జనం మధ్య కూర్చున్నప్పటినుంచీ నన్ను విడవని ప్రశ్న. ఆ రోజు సంగతి తరువాత చెబుతాను. అది అర్థం కావాలంటే ముందు కాస్త వెనక్కి వెళ్ళక తప్పదు.

(నగరం పేరు 2001లో కోల్‌కతా అయింది. నేను చెప్పే కథ చాలావరకు అంతకు ముందుది కనుక పాత పేరే వాడుతున్నాను.)

మోహన్ బగాన్ క్లబ్బు 1889లో పుట్టింది. 1911 జూలై 29న ఐ.ఎఫ్.ఎ. షీల్డు ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించి చరిత్రకెక్కింది. తెల్ల సిపాయిల కాళ్ళకు బూట్లున్నాయి. మనవాళ్ళలో ఒక్కరు తప్ప అందరూ ఉత్తకాళ్ళతోనే ఆడారు. శివదాస్ భాదురీ ఒక గోలు, అభిలాష్ ఘోష్ ఒక గోలు కొట్టారు. మైదానంలో చోటు దొరకనివారు చెట్లెక్కారని, దూరాన ఉన్నవారికి గోళ్ళ సంఖ్య తెలియడానికి గాలిపటాలు ఎగరేశారని చెబుతారు. వంగభంగం రద్దయింది కూడా ఆ సంవత్సరం డిసెంబరులోనే కావడంతో జనం మనసులో రెండు విజయాలూ కలగలిసిపోయాయి. ఆ జట్టులో పలువురు తూర్పు బెంగాలు మూలాలున్నవారు. శివదాస్ సోదరుల ఊరు ఫరీద్‌పూర్ ప్రాంతం. ఇది గుర్తుంచుకోదగ్గ విషయం. ఎందుకంటే ఆ తరువాత అర్ధశతాబ్దానికి మోహన్ బగాన్ అంటే పశ్చిమ బెంగాలు స్థానికుల జట్టనీ, తూర్పువారికి అది శత్రుస్థానమనీ స్థిరపడిపోయింది.

ఆ శత్రుత్వానికి బీజం పడింది 1920లో. జోడాబగాన్ అనే క్లబ్బు మోహన్ బగాన్‌తో ఆడవలసిన ఒక పోటీలో శైలేశ్ బోస్ అనే తూర్పు బెంగాలు ఆటగాణ్ణి పక్కన పెట్టింది. ఆ క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి తానూ తూర్పువాడే. కారణం చెప్పమని అడిగి, చెప్పకపోతే బయటికి వచ్చేసి, ఆగస్టు 1న మరికొందరితో కలిసి ఈస్ట్ బెంగాల్ క్లబ్బు స్థాపించాడు. లీగులో రెండు జట్లూ మొదటిసారి తలపడింది 1925లో. అందులో ఈస్ట్ బెంగాల్ 1-0తో నెగ్గింది. ఒక ఆటగాణ్ణి ఆడించనందుకు పుట్టిన క్లబ్బు శతాబ్దం దాటి బతికి ఉంది. అలిగి లేచిపోయినవారు ఊరికే పోరనడానికి ఇంతకంటె ఉదాహరణ ఏం కావాలి!

అయితే అసలు వేడి 1947 తరువాత రాజుకుంది. దేశవిభజనతో ఇల్లూ వాకిలీ వదిలి లక్షల మంది కలకత్తా చేరారు. సియాల్దా స్టేషను ప్లాట్‌ఫారం మీదా, జాదవ్‌పూర్ వైపు తమంత తాము వేసుకున్న కాలనీల్లోనూ బతుకు మళ్ళీ మొదలుపెట్టారు. స్థానికులు వీరిని 'బాంగాల్' అన్నారు, వీరు స్థానికులను 'ఘోటీ' అన్నారు. యాసలో తేడా, కూరలో పంచదార వేయడంలో తేడా, చేపలో తేడా. బాంగాల్‌కి ఇలిశ (మన గోదావరివాళ్ళ పులస బంధువే), ఘోటీకి రొయ్య. ఈస్ట్ బెంగాల్ గెలిచిన సాయంత్రం బజారులో ఇలిశ ధర పెరుగుతుందని, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్య ధర పెరుగుతుందని ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. ఊరు పోయినవాడికి ఊరి పేరు మిగిలిన ఒకే ఒక్క చోటు ఆ జట్టు. పాస్‌పోర్టులో లేని దేశం పేరు చొక్కా మీద ఉంది. ఇక దానిని వదులుకోవడం ఎలా?

మొండితనానికి కారణం ఇంతవరకు అర్థమవుతుంది. చంచలత్వం సంగతి చూద్దాం.

కలకత్తాలో ఆటగాళ్ళు జట్లు మారినంత సులువుగా మనుషులు అద్దె ఇళ్ళు కూడా మారరు. ఏటా ఆటగాళ్ళు ఐ.ఎఫ్.ఎ. కార్యాలయానికి వెళ్ళి ఏ క్లబ్బుకు ఆడతారో సంతకం చేసే రోజులుండేవి. బెంగాలీలో దానిని 'దల్ బదల్' అంటారు, అంటే జట్టు మార్పు. ఆ రోజుల్లో క్లబ్బు పెద్దలు తమకు కావలసిన ఆటగాణ్ణి ఎవరికీ తెలియని ఇంట్లో దాచేవారు. సంతకం వేళకు కారులో పట్టుకొచ్చి దించేవారు. మధ్యలో అవతలి క్లబ్బువాళ్ళు ఎత్తుకుపోయిన కథలూ ఉన్నాయి. పెళ్ళికూతుర్ని దాచినట్టు సెంటర్ ఫార్వర్డును దాచడం ప్రపంచంలో మరెక్కడైనా ఉందేమో నేను వినలేదు.

ఇక 1975 సెప్టెంబరు 30. ఐ.ఎఫ్.ఎ. షీల్డు ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ 5-0తో మోహన్ బగాన్‌ను చిత్తు చేసింది. ఈ రెండు జట్ల మధ్య ఇప్పటికీ అంతకంటె పెద్ద తేడా లేదు. ఓడిన ఆటగాళ్ళు కోపోద్రిక్తులైన సొంత అభిమానులకు కనిపించకుండా ఆ రాత్రి గంగలో పడవమీద తలదాచుకున్నారని ప్రతీతి. ఒక మోహన్ బగాన్ యువకుడు మరుజన్మలో మంచి ఆటగాడై పుట్టి ఈ పగ తీర్చుకుంటానని చీటీ రాసి ప్రాణం తీసుకున్నాడు. ఇది కథ కాదు, జరిగింది.

ఆనాటి పాత్రధారులు తరువాత ఏమయ్యారో చూడండి. ఐదింటిలో రెండు గోళ్ళు కొట్టిన శ్యామ్ థాపా 1977లో మోహన్ బగాన్‌కు మారాడు. 1978లో ఈస్ట్ బెంగాల్ మీదే గాలిలో తలకిందులై వెనక్కి తన్నిన గోలు కొట్టి, ఏ జనం తనను శపించారో ఆ జనం చేతనే పూజలందుకున్నాడు. ఆ రోజు మోహన్ బగాన్ గోలు ముందు నిలబడి బంతి వెంట బంతి వలలోనుంచి తీసుకున్న కుర్రవాడు భాస్కర్ గంగూలీ. అతని పని అయిపోయిందనుకున్నారు. అతడు ఈస్ట్ బెంగాల్‌లో చేరి, తన జట్టు మీద ఐదు గోళ్ళ పండుగ చేసుకున్నవారికే ఏళ్ళ తరబడి కాపలా కాశాడు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత జట్టు నాయకుడు కూడా అయ్యాడు. ఈస్ట్ బెంగాల్‌ను ఆ శిఖరానికి చేర్చిన కోచ్ పి.కె. బెనర్జీ మరుసటి ఏడాదికల్లా మోహన్ బగాన్ కోచ్! ఆటగాడిగా ఉన్నంతకాలం ఈ రెండు క్లబ్బులకూ ఆడక, ఈస్టర్న్ రైల్వేకు ఆడి, 1958లో ఆ జట్టుతో లీగు నెగ్గినవాడాయన. ఏ గట్టుకూ చెందనివాడు కనుక రెండు గట్లూ ఆయన్ని పిలిచాయి కాబోలు.

అభిమాని చంచలుడంటే ఇదే. గట్టు దాటి వచ్చినవాణ్ణి గతం అడగకుండా కౌగిలించుకుంటాడు, దాటి వెళ్ళినవాణ్ణి గతం తలవకుండా తిడతాడు. చొక్కా ఏ రంగుదన్నదే లెక్క, లోపల ఎవరున్నారన్నది లెక్క కాదు.

ఈ వేడి మనుషుల ప్రాణాలు కూడా తీసింది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో లీగు పోటీ జరుగుతుండగా ఇద్దరు ఆటగాళ్ళ మధ్య ఘర్షణ గ్యాలరీకి పాకింది. తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. పోటీ 0-0. ఏటా ఆ తేదీన కోల్‌కతాలో రక్తదాన శిబిరాలు పెడతారు. ఒక గోలు కూడా లేని ఆటకు పదహారు ప్రాణాలు. దీనిమీద వ్యాఖ్యానించడం నాకు చేతకాదు.

1997 జూలైలో ఏదో ఉద్యోగపు పని మీద హైదరాబాదు నుంచి కలకత్తా వెళ్ళాను. పని రెండు రోజుల్లో అయిపోవలసింది, ఆదివారం అడ్డొచ్చింది. 13వ తేదీ ఆదివారం ఫెడరేషన్ కప్పు సెమీఫైనల్, మోహన్ బగాన్‌కీ ఈస్ట్ బెంగాల్‌కీ. నేను కలుసుకోవలసిన కార్యాలయంలో శనివారం ఎవరూ పని మాట మాట్లాడలేదు. ఒక సహోద్యోగి, పరమ మోహన్ బగాన్ భక్తుడు, నా కోసం ఒక టిక్కెట్టు సంపాదించి పెట్టాడు. ఏ జట్టు వైపు కూర్చుంటారని నన్ను అడగలేదు. అతిథికి ఎంపిక ఉంటుందని ఆయనకు తోచలేదనుకుంటాను.

ఆ పోటీకి ముందు వారాల తరబడి మాటల యుద్ధం నడిచింది. మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా. ఆయన ఆటగాళ్ళను వజ్రాకారంలో నిలిపి దాడికి ఉసిగొల్పే ఒక పద్ధతి తెచ్చాడు, పత్రికలన్నీ దానిని 'డైమండ్' అని పొగిడాయి. అంతకుముందు ఆటలో చర్చిల్ బ్రదర్స్‌ను 6-0తో ఓడించడంతో ఊరంతా వజ్రం మాటే. దత్తా నోరు ఊరుకునేది కాదు. ఈస్ట్ బెంగాల్ కుర్రవాడు భైచుంగ్ భూటియాను 'చుంగ్ చుంగ్' అన్నాడు, కెన్యా నుంచి వచ్చిన ఒమొలోను 'ఆమ్లెట్' అన్నాడు. ఈస్ట్ బెంగాల్ కోచ్ ఎవరనుకున్నారు? పి.కె. బెనర్జీయే. తిరిగి తిరిగి మళ్ళీ అక్కడికే చేరాడు. దత్తా సంగతికొస్తే, ఆయన తన యౌవనంలో ఈస్ట్ బెంగాల్ ఆటగాడు! ఇన్ని గట్లు దాటినవారిద్దరూ ఇటొకరు అటొకరు కూర్చుని తమ తమ జనానికి దేవుళ్ళై ఉన్నారు.

సాల్ట్ లేక్ స్టేడియం 1984లో తెరిచారు. మూడంతస్తుల గ్యాలరీలు. ఆ రోజు జనం 1,31,000 పైచిలుకు అని లెక్క. భారతదేశంలో ఏ ఆటకైనా అంతమంది ఒకచోట చేరిన సందర్భాలు చాలా అరుదు. ఉల్టాడాంగా నుంచి జనప్రవాహంలో నడిచాను. లారీల నిండా జెండాలు. మెరూన్, ఆకుపచ్చ ఒక వైపు. ఎరుపు, పసుపు ఇంకొక వైపు. ఝాల్‌ముడి అమ్మేవాడు మాత్రం రెండు వైపులా తిరుగుతున్నాడు. ఆ పూట అంతమంది జనంలో తటస్థుడు వాడొక్కడే అనిపించింది.

నా పక్కన ఒక పెద్దాయన. డెబ్భై దాటి ఉంటాయి. ధోవతి, చేతిలో గొడుగు. ఆట మొదలవక ముందు వచ్చీరాని హిందీలో నాకు వజ్రం గొప్పదనం బోధించాడు. "అమల్ బాబు మెదడు ఉందే, అది విదేశంలో పుట్టవలసింది" అన్నాడు. ఇరవై నిమిషాలు దాటిన తరువాత నజీముల్ హక్ ఈస్ట్ బెంగాల్‌కు మొదటి గోలు కొట్టాడు. పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తరువాత గొడుగు నేలకు పొడిచి, వెనకవైపు అంతా ఖాళీ వదిలేశాడు ఈ మహానుభావుడు, అన్నాడు. రెండవ సగం మొదలవుతూనే భైచుంగ్ ఇంకొకటి కొట్టాడు. మా గ్యాలరీలో అప్పటివరకు దత్తా పేరు పాటలా పాడినవారు ఆయన వంశవృక్షాన్ని పరామర్శించడం మొదలుపెట్టారు. అరగంట తిరక్కుండా చీమా ఒకోరీ ఒక గోలు తిరిగి ఇచ్చాడు. ఒక్కసారిగా వజ్రం మళ్ళీ వజ్రమైంది! పెద్దాయన లేచి నిలబడి నా భుజం పట్టుకు ఊపాడు. "చూశావా, చెప్పలేదూ!" ఆ పది పదిహేను నిమిషాలూ దత్తా మళ్ళీ దేవుడు. చివరి ఐదారు నిమిషాల్లో భైచుంగ్ ఇంకో రెండు కొట్టాడు. 4-1.

ఎదురు గ్యాలరీలో వార్తాపత్రికలు చుట్టి కాగడాలు వెలిగించారు. కాగడా ఈస్ట్ బెంగాల్ చిహ్నం. పగటి వెలుగు ఇంకా పూర్తిగా పోలేదు, అయినా అన్ని వేల మంటలు ఒకేసారి లేచేసరికి ఆ వైపంతా ఎర్రబారినట్టు కనిపించింది. మా వైపు నిశ్శబ్దం, ఆ వెనక తిట్లు. పెద్దాయన తిట్టినవారి జాబితాలో కోచ్, కీపరు, క్లబ్బు కార్యదర్శి, మధ్యలో ఏ కారణం చేతనో ప్రభుత్వం కూడా ఉన్నాయి. ఇంత తిట్టినవాడు రేపటినుంచి ఈ జట్టు మొహం చూడడేమో అనిపించి, మళ్ళీ ఎప్పుడొస్తారని అడిగాను. ఆయన నావంక వింతగా చూశాడు. "బుధవారం ప్రాక్టీసు ఉంటుంది. రావద్దా?"

బయటికి నడుస్తూ నేనెక్కడివాణ్ణని అప్పుడడిగాడు. హైదరాబాదు అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. ఓటమి మరచిపోయాడు. "హబీబ్ ఊరు!" అన్నాడు. అక్కడినుంచి బస్సు వరకు ఇక హబీబే. ఈస్ట్ బెంగాల్ చొక్కాలో హబీబ్ తమను ఎంత ఏడిపించాడో, వాడి కాలు విరగాలని తాను కాళీఘాట్‌లో మొక్కుకున్న సంగతి, ఆ హబీబే మోహన్ బగాన్‌కు వచ్చినప్పుడు వాడి కాలికేమీ కాకూడదని అదే గుడిలో మొక్కుకున్న సంగతి ఒకే ఊపిరిలో చెప్పాడు. ఇందులో ఏదైనా వైరుధ్యం ఉన్నట్టు ఆయనకు తోచలేదు. ఆఖరున, మీ ఊళ్ళో ఇప్పుడు ఎవరు ఆడుతున్నారని అడిగాడు. నాకు చెప్పడానికి ఒక్క పేరు లేదు.

ఆ ప్రశ్న నాకు ముల్లై గుచ్చుకుంది. అందుకు కారణముంది. ఒకప్పుడు కలకత్తా మైదానానికి హైదరాబాదు పుట్టిల్లు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానంలో నిలిచిన భారత జట్టుకు రహీమే శిక్షకుడు, ఆ జట్టులో హైదరాబాదువారు పలువురు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిపించింది ఆయనే. ఆ ఫైనలు సమయానికి రాజకీయ కారణాల వల్ల లక్షమంది ఇండోనేషియా ప్రేక్షకులు మనవారి మీద పగబట్టి ఉన్నారు. మనవాళ్ళకు చప్పట్లు కొట్టినవారు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళట! మరుసటి ఏడాది జూన్‌లో రహీమ్ క్యాన్సరుతో పోయాడు. 2024లో ఆయన మీద హిందీలో 'మైదాన్' సినిమా వచ్చేదాకా మన ఊళ్ళో చాలామందికి ఆ పేరు తెలియదు.

కలకత్తా మాత్రం మనవాళ్ళను ఎప్పుడో తనవాళ్ళను చేసుకుంది. ఈస్ట్ బెంగాల్ 'పంచపాండవులు' అని పిలుచుకునే ఐదుగురు ఫార్వర్డులూ దక్షిణాదివారే. వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. అందులో అప్పారావు మన తెలుగువాడు. ఊరు పోగొట్టుకుని వచ్చిన శరణార్థులు తమ ఊరి పేరున్న జట్టును మోయడానికి ఎక్కడో దక్షిణాదినుంచి వచ్చినవారిని నమ్ముకున్నారు. తమ భాష ఒక్క ముక్క రానివారికి భారతంలోనుంచి పేరు తీసి పెట్టారు. సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్ చేరి, 1961లో నాయకుడై లీగు గెలిపించాడు. ఊపిరితిత్తుల జబ్బుతో ఆట త్వరగా ముగించవలసి వచ్చినా తిరిగి రాలేదు, హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలోనే ఉండిపోయి 2023 ఫిబ్రవరిలో కన్ను మూశాడు. పీటర్ తంగరాజ్, నయీముద్దీన్ ఇద్దరూ మోహన్ బగాన్‌కూ, ఈస్ట్ బెంగాల్‌కూ, మొహమ్మడన్ స్పోర్టింగ్‌కూ ఆడారు. 1970 బాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నయీమ్ నాయకుడు.

ఇక హబీబ్. 1949లో హైదరాబాదులో పుట్టి, 1966లో పదిహేడేళ్ళ ఈడున ఈస్ట్ బెంగాల్ చేరాడు. తరువాతి పద్ధెనిమిదేళ్ళలో మూడు పెద్ద క్లబ్బుల మధ్య ఎన్నిసార్లు తిరిగాడో వేలు మడిచి లెక్కపెట్టాలి. ఉద్యోగాలు ఇస్తామన్నవారిని కాదని ఆటనే వృత్తిగా పెట్టుకున్న తొలి భారతీయుడని ఆయన్ని చెబుతారు. ఆ రోజుల్లో రైల్వేలోనో బ్యాంకులోనో కుర్చీ లేకుండా బంతిని నమ్ముకోవడం సాహసమే. 1977 సెప్టెంబరు 24న పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టు ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ 2-2తో నిలబడింది. ఆ రెండు గోళ్ళలో ఒకటి హబీబ్‌ది, రెండవది శ్యామ్ థాపాది. కలకత్తావాళ్ళు హబీబ్‌ను 'బడే మియాఁ' అన్నారు, తమ్ముడు అక్బర్‌ను 'ఛోటే మియాఁ' అన్నారు. 1976లో ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన 17 సెకండ్లకే తలతో గోలు కొట్టిన మోహన్ బగాన్ ఆటగాడు ఈ ఛోటే మియాఁయే. గ్యాలరీలో ఇంకా కూర్చోని వారెందరో ఆ గోలు చూడనే లేదట.

హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాదులోనే పోయాడు. మరునాడు కోల్‌కతా పత్రికల్లో ఆయనకు దక్కిన చోటు ఇక్కడి పత్రికల్లో దక్కలేదు. ఆడినన్నాళ్ళూ ఒక పూట పొగిడి, ఒక పూట తిట్టి, ఆయన కాలు విరగాలని మొక్కుకున్న ఆ జనమే ఆయన్ని గుర్తుంచుకున్నారు. ఏనాడూ పల్లెత్తు మాట అనని మన ఊరు మరచిపోయింది. పూటకో మాట మారేవాడికి ఆటగాడితో నిత్యం పని ఉంటుంది. తిట్టడానికైనా ప్రతివారం చూడాలి, పేరు తెలియాలి, ఎడమకాలు బలమా కుడికాలు బలమా తెలియాలి. మనకు ఆ తిట్టే అవసరం కూడా లేకపోయింది. ఆటగాళ్ళను కన్నది హైదరాబాదు, వారికి జనాన్ని ఇచ్చింది కలకత్తా. జనం లేని చోట ఆటగాళ్ళు పుట్టడం కూడా మెల్లగా మానేశారు. ఫుట్‌బాల్ క్షీణతకు క్రికెట్టూ, పోలీసు జట్టు బలహీనపడటమూ, రహీమ్ అకాలమరణమూ కారణాలుగా చెబుతారు. అవి నిజమే. కానీ మోహన్ బగాన్ ఐదు గోళ్ళతో ఓడిన రోజు పడవలో దాక్కోవలసి వచ్చింది చూడండి, అలాంటి భయం మన జట్లకు ఎన్నడూ లేకపోవడమే నాకు పెద్ద కారణంగా కనిపిస్తుంది.

ఇటీవలి రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇది మరింత తెలుస్తుంది. 2020లో మోహన్ బగాన్ ఫుట్‌బాల్ విభాగం ఏటీకే అనే వ్యాపార జట్టుతో కలిసింది. పేరు ముందు ఆ మూడక్షరాలు చేరాయి. జట్టు బాగా ఆడుతోంది, డబ్బుంది, మంచి ఆటగాళ్ళున్నారు. అయినా అభిమానులు ఆ మూడక్షరాలు తీసేయాలని మూడేళ్ళు పోరాడారు. ఊరేగింపులు చేశారు, బ్యానర్లు కట్టారు, కొందరు ఆటకు రావడమే మానేశారు. 2023 మార్చిలో ఐ.ఎస్.ఎల్. కప్పు గెలిచిన రాత్రి మైదానంలోనే యజమాని పేరు మారుస్తామని ప్రకటించాడు. జూన్ నుంచి అది మోహన్ బగాన్ సూపర్ జెయింట్.

హైదరాబాదుకు 2019లో ఒక ఐ.ఎస్.ఎల్. జట్టు వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి దేశపు విజేత అయింది. రహీమ్ కాలం తరువాత హైదరాబాదు పేరున్న జట్టుకు అంత గౌరవం అదే. ఆ తరువాత డబ్బు ఇబ్బందులు, జీతాల గొడవలు. యాజమాన్యం మారింది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. పిడికెడు మంది అభిమానులు బాధపడ్డారు. మిగిలిన ఊరికి జట్టు వచ్చిన సంగతీ తెలియదు, వెళ్ళిన సంగతీ తెలియదు. అక్కడ మూడక్షరాలకు మూడేళ్ళ పోరాటం. ఇక్కడ జట్టుకు జట్టే పోయినా వీధిలో ఒక్క కాగితం కాలలేదు.

కలకత్తా జనాన్ని ఆదర్శంగా చూపడం నా ఉద్దేశం కాదు. 2012 డిసెంబరులో గ్యాలరీనుంచి విసిరిన రాయి తగిలి మోహన్ బగాన్ ఆటగాడు రహీమ్ నబీ నేలకూలాడు, సగంలో పోటీ ఆగిపోయింది. ఆ నబీ అంతకుముందు ఏళ్ళ తరబడి ఈస్ట్ బెంగాల్‌కు ఆడినవాడు. 2009లో మోహన్ బగాన్ 5-3తో నెగ్గిన పోటీలో నాలుగు గోళ్ళు కొట్టిన చిడీ ఎడే తరువాత ఈస్ట్ బెంగాల్‌కే వెళ్ళి అక్కడా చప్పట్లు కొట్టించుకున్నాడు. మూడు గోళ్ళ భైచుంగ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. 2002లో మోహన్ బగాన్, మళ్ళీ ఈస్ట్ బెంగాల్, మళ్ళీ మోహన్ బగాన్, మళ్ళీ ఈస్ట్ బెంగాల్. భైచుంగ్ మెరూన్, ఆకుపచ్చ చొక్కా వేసిన రోజున మా పెద్దాయన ఏ గుడిలో ఏమని మొక్కుకున్నాడో! అప్పటికి ఉన్నాడో లేడో నాకు తెలియదు. పేరు అడగలేదు.

2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్.జి. కర్ ఆసుపత్రిలో ఒక యువ వైద్యురాలి హత్యాచారం జరిగింది. నగరమంతా వీధుల్లోకి వచ్చింది. ఆగస్టు 18 ఆదివారం డ్యూరండ్ కప్పులో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆడవలసి ఉంది. బందోబస్తు చాలదని పోలీసులు పోటీ రద్దు చేయించారు. గ్యాలరీల్లో న్యాయం కోరుతూ బ్యానర్లు లేస్తాయన్న భయమే అసలు కారణమని అభిమానులు నమ్మారు. ఆట లేకపోయినా ఆ సాయంత్రం స్టేడియం బయట రెండు జట్ల జనమూ చేరారు, మొహమ్మడన్ స్పోర్టింగ్ వారూ వచ్చారు. ఒకే నినాదం, రెండు రంగుల జెండాలు ఒకే గుంపులో. పోలీసులు లాఠీలు ఝళిపించారు. మోహన్ బగాన్ చొక్కా వేసుకున్న ఒకడి భుజాల మీద ఈస్ట్ బెంగాల్ జెండా పట్టుకున్న మరొకడు ఎక్కి ఉన్న ఫొటో మరునాడు దేశమంతా తిరిగింది. ఆ ఫొటో నేను చాలాసేపు చూశాను. 1980లో 16 మందిని తొక్కేసిన జనమూ, 1975లో సొంత ఆటగాళ్ళను పడవ ఎక్కించిన జనమూ ఈ వంశంవారే.

రెండు నెలలు గడిచాయి. అక్టోబరు 19న అదే స్టేడియంలో ఐ.ఎస్.ఎల్. పోటీలో రెండు జట్లూ తలపడ్డాయి. మోహన్ బగాన్ 2-0తో గెలిచింది. ఆ రాత్రి టీవీలో చూశాను. గ్యాలరీలు రెండూ ఎప్పటిలాగే ఎడంగా, ఎదురెదురుగా ఉన్నాయి. మరునాడు ఫోనులో పలకరిస్తే నా పాత సహోద్యోగి, ఇప్పుడు రిటైరయ్యాడు, ముందు రొయ్యల ధర చెప్పాడు. ఆ తరువాత గెలిచిన తన జట్టునే తిట్టడం మొదలుపెట్టాడు, నాలుగు కొట్టవలసిన చోట రెండే కొట్టారని.